సరిహద్దు తాలూకాల్లో సత్య కమిషన్: ఎవరు వినాలి, ఎవరు రాయాలి

రాజురాలో కళాశాల అధ్యాపకురాలిగా పనిచేస్తున్న మీరు మూడు సంగతులు అడిగారు. మావోయిస్టు ఉద్యమం ముగింపుకు వచ్చిందంటున్న ఈ సమయంలో, దక్షిణాఫ్రికాలో వేసినటువంటి సత్య-సయోధ్య కమిషన్‌ను మహారాష్ట్ర సరిహద్దులోని గడ్చిరోలి, చంద్రపూర్ ప్రాంతానికి వేస్తే మేలు జరుగుతుందా అన్నది మొదటిది. దానివల్ల మానుతున్న గాయాలు మళ్ళీ రేగవా అన్నది రెండోది. మీ విద్యార్థులను సిరోంచ, అహేరి వైపు ఊళ్ళకు పంపి పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేయించవచ్చా అన్నది మూడోది. నేను సిరోంచ, గడ్చిరోలి కోర్టుల్లో చాలా ఏళ్ళుగా వకీలుగా పనిచేస్తున్న తెలుగువాడిని. ఇన్‌ఫార్మర్ అన్న ముద్రతో చంపబడినవారి కుటుంబాలూ, ఎదురుకాల్పుల్లో చనిపోయినవారి కుటుంబాలూ, పోలీసు ఉద్యోగంలో కొడుకును పోగొట్టుకున్న కుటుంబాలూ నా దగ్గరకు కాగితాలు పట్టుకుని వచ్చాయి. అందువల్ల ఇతర దేశాల అనుభవాన్ని ఆ కాగితాల పక్కన పెట్టి చూసి జవాబు చెప్పడం నాకు అలవాటు.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. ఈ ప్రాంతంలో నిజం చెప్పేవాళ్ళు లేక ఆగిపోలేదు. ఆ నిజాన్ని ఎవరు వింటున్నారు, విన్నదాన్ని ఏ రిజిస్టరులో రాస్తున్నారు, ఆ రిజిస్టరు ఎవరి చేతిలో ఉంది అన్న దగ్గర అంతా ఆగిపోయింది. అందుచేత కమిషన్ ఒక్కటే వేసి, రాసే కార్యాలయాలను ఉన్నవి ఉన్నట్టు వదిలేస్తే, జనం తమ దుఃఖాన్ని మరొక చోట దాఖలు చేసి ఇంటికి పోవడం తప్ప జరిగేది ఏమీ ఉండదు.

దక్షిణాఫ్రికా గురించి మన దగ్గర మిగిలిన జ్ఞాపకం ఎక్కువగా ఆ కమిషన్ అధ్యక్షుడు ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టుటు కన్నీళ్ళు, తల్లులు హంతకులను క్షమించిన దృశ్యాలు. అవి జరిగాయి. కానీ ఆ కమిషన్‌ను నడిపించింది క్షమాగుణం కాదు, 1995లో చేసిన ఒక చట్టం. 1960 మార్చి నుంచి 1994 మే వరకు జరిగిన ఘోరాలను విచారించే అధికారం ఆ చట్టం ఇచ్చింది. రాజకీయ లక్ష్యంతో చేసిన నేరమై ఉండి, చేసినవాడు తనకు తెలిసినదంతా దాచకుండా బయటపెడితేనే కేసు నుంచి మినహాయింపు దొరుకుతుందని షరతు పెట్టింది. 1996 ఏప్రిల్‌లో బహిరంగ విచారణలు మొదలయ్యాయి, 21,000కు పైగా బాధితుల వాంగ్మూలాలు వచ్చాయి, క్షమాభిక్ష కోసం 7,000కు పైగా దరఖాస్తులు వచ్చాయి, వాటిలో మంజూరైనవి 849 మాత్రమే. అంటే అడిగినవాడికల్లా క్షమాభిక్ష దొరకలేదు. నిజం చెప్పకపోతే జైలు తప్పదన్న భయం ఉన్నంతకాలం ఆ ఏర్పాటు పనిచేసింది. ఆ తరువాత ఏమైందన్నది మన దగ్గర ఎవరూ పెద్దగా చెప్పుకోరు. క్షమాభిక్ష దొరకనివారి మీదా, అసలు అడగనివారి మీదా కేసులు నడపమని కమిషన్ సుమారు 300 కేసులు ప్రాసిక్యూషన్ శాఖకు పంపితే, విచారణ దాకా పోయినవి బహు స్వల్పం. కమిషన్ సూచించిన ఆరేళ్ళ వార్షిక భృతికి బదులు 2003లో ప్రభుత్వం ఒకేసారి తలా 30,000 రాండ్లు ఇచ్చి ముగించింది. ఆ కేసులు ఎందుకు ఆగిపోయాయో, వాటిని ఎవరు ఆపారో తేల్చడానికి 2025లో మళ్ళీ ఒక న్యాయ విచారణ సంఘం వేయవలసి వచ్చింది. ఇన్నేళ్ళ తరువాత కూడా ఆ దేశంలో పాత గాయం సలుపుతోందంటే కారణం నిజం బయటపడడం కాదు, బయటపడిన నిజాన్ని పట్టుకుని కదలవలసిన శాఖ కదలకపోవడం.

మన ప్రాంతానికి దక్షిణాఫ్రికా కంటే పెరూ దగ్గర. అక్కడ 1980లో మొదలైన సాయుధ పోరాటం మావోయిస్టు పార్టీదే. దానిని షైనింగ్ పాత్ అంటారు. కొండ ప్రాంతాల్లోని ఆదివాసీ రైతులు ఒకవైపు పార్టీకి, మరొకవైపు సైన్యానికి, మూడోవైపు సైన్యమే ఆయుధాలిచ్చి తయారుచేసిన ఊరి రక్షణ దళాలకు మధ్య నలిగిపోయారు. 1983 ఏప్రిల్‌లో లుకానామార్కా అనే గ్రామంలో పార్టీ దళం పిల్లలతో సహా 69 మందిని నరికి చంపింది. 1985 ఆగస్టులో అక్కోమార్కా అనే మరో గ్రామంలో సైనిక గస్తీ దళం అరవై మందికి పైగా ఊరివాళ్ళను ఇళ్ళలోకి తోసి కాల్చేసింది. 2001లో ఏర్పడిన సత్య-సయోధ్య కమిషన్ ఈ రెండింటినీ ఒకే నివేదికలో, ఒకే కొలతతో రాసింది. దాదాపు 17,000 వాంగ్మూలాలు సేకరించి, 2003 ఆగస్టులో ఇచ్చిన ఆ నివేదిక మృతులూ గల్లంతైనవారూ కలిపి 69,000కు పైగా ఉంటారని అంచనా కట్టింది. అంతకుముందు దేశం అనుకున్న సంఖ్యకు ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. కమిషన్‌కు అందిన మరణాల్లో 54 శాతానికి షైనింగ్ పాత్‌దే బాధ్యత అని రాసింది, ప్రభుత్వ బలగాల భాగాన్నీ అలాగే విడిగా లెక్కకట్టింది. ఇవన్నీ ఒక ఎత్తు. బాధితుల్లో ప్రతి నలుగురిలో ముగ్గురు కెచువా వంటి స్థానిక భాషలు మాతృభాషగా గలవారని అది తేల్చిన సంగతి మరొక ఎత్తు. ఇంతమంది చచ్చిపోతున్నా రాజధానికి ఎందుకు తెలియలేదన్న ప్రశ్నకు జవాబు అందులో ఉంది: చనిపోయినవాళ్ళ భాషలో ఏ పోలీసు స్టేషనూ, ఏ కోర్టూ, ఏ పత్రికా నడవలేదు.

ఇప్పుడు మన తాలూకాల సంగతి చూడండి. ప్రాణహితకు ఈవల సిరోంచ పరిసరాల్లో ఇంటి భాష తెలుగు, లోపలి ఊళ్ళలో ఆదివాసుల మాడియా గోండి, కాగితం భాష మరాఠీ. ఊరి పేరు, మనిషి పేరు రాసేవాడి చెవికి ఎలా వినబడితే అలా పడుతుంది. ఒకే మనిషి పేరు ఎఫ్‌ఐఆర్‌లో ఒకలా, శవపంచనామాలో ఇంకొకలా, రేషన్ కార్డులో మూడోలా ఉన్న దస్త్రాలు నేను ఎన్నో చూశాను. వాటిలో ఒకదాని స్వరూపం, ఊరూ పేరూ లేకుండా చెబుతాను. ఇన్‌ఫార్మర్ అని, ఇక్కడి మాటలో ఖబ్రీ అని, ఒక రైతును రాత్రి ఇంట్లోంచి తీసుకుపోయి చంపి దారి మీద పడేశారు. శవం పక్కన ఎర్ర సిరాతో రాసిన తెలుగు చీటీ ఒకటి పెట్టారు. ఎఫ్‌ఐఆర్‌లో ముద్దాయిలు పది పన్నెండు మంది గుర్తుతెలియని నక్సలైట్లు. పంచనామా కింద అయిదు వేలిముద్రలు, ఆ వేళ్ళ వాళ్ళలో మరాఠీ చదవగలిగినవారు ఒక్కరూ లేరు. భార్య ఏమి చూసిందో, ఎవరెవరిని గొంతు బట్టి గుర్తుపట్టిందో ఆ కాగితంలో ఒక్క వాక్యమైనా లేదు, ఎందుకంటే ఆమె చెప్పింది మాడియాలో, వచ్చిన హవల్దారుకు ఆ భాష రాదు. కొన్నాళ్ళకు స్టేషను ‘ఎ సమరీ’ వేసింది. అంటే నేరం జరిగింది నిజమే, చేసినవాడు దొరకలేదు, దస్త్రం మూసివేయబడింది అని అర్థం. ఆ తరువాత పరిహారం వచ్చింది. వచ్చాక ఊళ్ళో ఒక కొత్త మాట పుట్టింది: సర్కారు డబ్బులిచ్చిందంటే వీడు నిజంగానే ఖబ్రీ అన్నమాట. భర్తను ఒకసారి దళం చంపింది, పరిహారం చెక్కు ఆమెకు ఊళ్ళో నిలబడే చోటు లేకుండా చేసింది. ఈ దస్త్రంలో అబద్ధం ఒక్కటీ లేదు, ఆ కుటుంబానికి కావలసిన నిజమూ ఒక్కటీ లేదు. అతను ఖబ్రీ కాదు, భూమి తగాదాలో ఎవరో చాడీ చెప్పి చంపించారు అన్నది ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరూ అధికారికంగా అనలేదు, అనదగిన వేదికా లేదు.

రెండో వైపు కాగితాలు ఇంకా పలచన. దళంలోకి పోయి చనిపోయిన అమ్మాయి లేక అబ్బాయి తల్లిదండ్రులు చాలాసార్లు ఫొటో చూసి గుర్తుపట్టవలసి వస్తుంది. ఆ వార్త వాళ్ళకు చేరేది కూడా తునికాకు కల్లం దగ్గరో, వారపు సంతలోనో ఎవరో చెబితే. శవం గుర్తించలేనిదిగా నమోదైతే మరణ ధ్రువపత్రం రాదు. అది రాకపోతే సాత్‌బారా అనే భూమి రికార్డులో పేరు మారదు, ఫేర్‌ఫార్ (పేరు మార్పు నమోదు) పడదు, అన్నదమ్ముల మధ్య భూమి పంపకం అక్కడికక్కడే నిలిచిపోతుంది. ఏడేళ్ళపాటు ఎవరికీ కబురు తెలియని మనిషిని చనిపోయినట్టు భావించవచ్చన్న నియమం సాక్ష్య చట్టం 108వ సెక్షన్లో ఉండేది, కొత్త సాక్ష్య చట్టంలోనూ కొనసాగింది. కానీ దానికోసం సివిల్ కోర్టుకు పోయి, మా పిల్ల అడవిలోకి పోయి ఇన్నేళ్ళయింది అని ప్రమాణ పత్రం మీద వేలిముద్ర వేయడానికి ఏ తల్లి సాహసిస్తుంది? ఆ ఒక్క వాక్యం తన మీదనే కేసు కాదా అని ఆమె భయం. ఆ భయం నిరాధారమని నేను ఎవరికీ హామీ ఇవ్వలేదు.

ఇక్కడే లొంగుబాట్ల సంగతి చెప్పాలి. 2025 అక్టోబరులో పెద్దపల్లికి చెందిన మల్లోజుల వేణుగోపాలరావు అరవై మంది సహచరులతో కలిసి గడ్చిరోలిలో ముఖ్యమంత్రి ఎదుట ఆయుధాలు అప్పగించారు. అంతకు ముందూ ఆ తరువాతా లొంగిపోయినవారు చాలామంది. వాళ్ళందరినీ అధికారులు రోజుల తరబడి ప్రశ్నిస్తారు, ప్రశ్నించాలి కూడా. అయితే ఆ ప్రశ్నలు ఆయుధాల డంపు ఎక్కడ, మందుపాతర ఎక్కడ, డబ్బు ఎవరి దగ్గర అన్నవి. ఏ తుపాకీ తెస్తే ఎంత సొమ్ము అన్న పట్టిక పునరావాస పథకంలో ఉంది. ఫలానా మనిషిని తీసుకుపోయి ఎక్కడ పూడ్చారు, అతని మీద మోపిన నేరం నిజమా కాదా అన్న సమాచారానికి ఆ పట్టికలో గడి లేదు. ఇరవై ముప్ఫై ఏళ్ళ ప్రాంతీయ చరిత్ర ఈ విధంగా ఒక గదిలో చెప్పబడి, ఒక నిఘా దస్త్రంలోకి పోయి, బాధితుడి ఇంటికి చేరకుండానే ఆగిపోతోంది. సత్య కమిషన్ మాట పక్కన పెట్టినా, ఈ ప్రశ్నావళిలో రెండు ప్రశ్నలు చేర్చడానికి కొత్త చట్టం అక్కరలేదు. కొలంబియాలో సాయుధ తిరుగుబాటుదారులతో 2016లో జరిగిన శాంతి ఒప్పందం తరువాత గల్లంతైనవారిని వెతికే సంస్థను కోర్టుకూ, సత్య కమిషన్‌కూ వేరుగా, మానవతా దృష్టితో నడిచేదిగా పెట్టారు. శవం ఎక్కడుందో ఆ సంస్థకు చెప్పినవాడి మాటను అతని మీద సాక్ష్యంగా వాడరు. పెరూ కూడా కమిషన్ ముగిసిన పదమూడేళ్ళకు, 2016లో, నేర విచారణ కోసం ఆగకుండా ముందు ఎముకలు వెతికి ఇంటికి చేర్చే చట్టం చేసింది. నన్నడిగితే మన దగ్గర మొదలు పెట్టవలసింది ఇక్కడి నుంచే. పార్టీ తరఫున చంపినవాడికీ, పోలీసు తరఫున చంపినవాడికీ మధ్య నైతిక తూకం ఎలా వేయాలన్న వాదం ఎప్పటికీ తెగదు. అది తెగేదాకా ఎముకలు ఆగనక్కరలేదు.

కమిషన్ వేసి వదిలేస్తే ఏమవుతుందో చూడడానికి దూరం పోనక్కరలేదు, నేపాల్ చాలు. మావోయిస్టులతో పదేళ్ళ యుద్ధం తరువాత 2006 నవంబరులో సమగ్ర శాంతి ఒప్పందం జరిగితే, అందులో వాగ్దానం చేసిన రెండు కమిషన్లు, ఒకటి సత్య నిరూపణకు, ఒకటి బలవంతంగా అదృశ్యం చేయబడినవారి కోసం, 2015లో గాని పుట్టలేదు. మొదటిదానికి 60,000కు పైగా ఫిర్యాదులు వచ్చాయి. చట్టంలోని క్షమాభిక్ష నిబంధనలు చెల్లవని సుప్రీంకోర్టు అన్న తరువాత చట్టాన్ని సవరించడానికి 2024 దాకా పట్టింది. కారణం ఊహించడం కష్టం కాదు: మాజీ తిరుగుబాటు నాయకులూ, వారితో పోరాడిన పార్టీల నాయకులూ ఇద్దరూ ఆ ఏళ్ళలో అధికారం పంచుకుంటూ వచ్చారు, ఇద్దరికీ పాత దస్త్రం తెరవడం ఇష్టం లేకపోయింది. మన దగ్గర పరిస్థితి వేరు, ఒక పక్షం ఓడిపోయింది. గెలిచిన పక్షం ఒక్కటే మిగిలినప్పుడు నిజం రాసే పని సులువవుతుందని కొందరి నమ్మకం. నాకు ఆ నమ్మకం తక్కువ.

తెలుగు నేల మీద ఇటువంటి ప్రయత్నం ఒకటి యాభై ఏళ్ళ కిందటే జరిగి చెడిపోయింది. అత్యవసర పరిస్థితి నాటి ఎదురుకాల్పుల మరణాలపై 1977లో పౌరహక్కుల పక్షాన వేసిన తార్కుండే కమిటీ నివేదికలు వెలువడ్డాక, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్ వేసింది. సాక్షులు వచ్చారు, కె.జి. కన్నబిరాన్ వంటి న్యాయవాదులు బహిరంగంగా క్రాస్ చేశారు. అంతలో విచారణ మూసిన గదిలో జరగాలన్న నిర్ణయం రావడంతో పౌరహక్కుల పక్షం తప్పుకుంది, ఆ కమిషన్ ఎటూ తేలకుండా ముగిసింది. 1997లో ఎస్.ఆర్. శంకరన్ ముందుండి ఏర్పాటు చేసిన పౌర స్పందన వేదిక రెండు పక్షాల హింసనూ ప్రశ్నిస్తూ ఏళ్ళ తరబడి పనిచేసింది, 2004 అక్టోబరు చర్చలకు ఆ కృషి దారి వేసింది. 2005 జనవరికి ఆ చర్చలు కుప్పకూలాయి. ఆ వేదిక పద్ధతిలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది: పోలీసుల చేతిలో చనిపోయినవారి ఊరికీ, పార్టీ చేతిలో చనిపోయినవారి ఊరికీ ఒకే మనుషులు పోయి విన్నారు. ఇప్పుడు ఏ కమిషన్ వేసినా ఈ అర్హత మొదట చూడాలి.

చట్టం సంగతికి వస్తే, 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం ఒకటే మన చేతిలో సిద్ధంగా ఉన్నది. అందులో ఆరో సెక్షన్ కింద, కమిషన్ ముందు ఇచ్చిన వాంగ్మూలాన్ని ఇచ్చినవాడి మీద సివిల్, క్రిమినల్ కేసుల్లో వాడరాదు. అబద్ధపు సాక్ష్యం కేసు ఒక్కటే మినహాయింపు. ఇది చాలామందికి తెలియని రక్షణ. కానీ ఆ చట్టం కింద వచ్చిన నివేదిక ప్రభుత్వాన్ని కట్టిపడేయదు. ఆరు నెలల లోపల, తీసుకున్న చర్యల పత్రంతో శాసనసభ ముందు పెట్టాలన్న నియమం ఉన్నా, పెట్టిన తరువాత ఏమి చేయాలన్నది ప్రభుత్వం ఇష్టం. ఇంద్రావతికి ఆవల బస్తర్‌లో 2012 జూన్‌లో సార్కేగూడలో పదిహేడు మంది చనిపోతే, ఒకే సభ్యుడితో వేసిన న్యాయ కమిషన్ 2019లో నివేదిక ఇచ్చింది. చనిపోయినవారు మావోయిస్టులని చెప్పడానికి తగిన సాక్ష్యం లేదని తేల్చింది. ఏడేళ్ళు పట్టినా ఆ వాక్యం ఒక అధికారిక కాగితం మీదికి రావడం చిన్న సంగతి కాదు. అయినా ఆ వాక్యాన్ని తీసుకుపోయి స్టేషను రిజిస్టరులో దిద్దే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు.

నేను మొదట అన్న సంస్థల సంస్కరణ ఇదే. సంస్కరణ అనగానే మనవాళ్ళు పెద్ద పెద్ద మాటలు మాట్లాడతారు. నాకు కనిపించేది నాలుగైదు బల్లలు, వాటి మీద నాలుగైదు రిజిస్టర్లు. పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన పీయూసీఎల్ వర్సెస్ మహారాష్ట్ర కేసులో 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, పోలీసు కాల్పుల్లో మరణం జరిగితే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి, కాల్చిన బృందానికి సంబంధం లేని సీఐడీ గాని వేరే స్టేషను అధికారులు గాని దర్యాప్తు చేయాలి, మేజిస్ట్రేటు విచారణ జరగాలి, మృతుడి దగ్గరి బంధువుకు వీలైనంత త్వరగా తెలియజేయాలి. ఈ చివరిది ఒక్కటి అమలైతే, ఫొటో కోసం సంతలో వెతుక్కునే తల్లులు ఉండరు. అంతకు ముందే 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో శాంతిభద్రతల పోలీసును, దర్యాప్తు పోలీసును వేరు చేయమని, జిల్లా స్థాయిలో పోలీసుల మీద ఫిర్యాదులు వినే సంస్థ పెట్టమని అదే కోర్టు చెప్పింది. గడ్చిరోలిలో 1990లో పుట్టిన సి-60 అనే ప్రత్యేక పోలీసు దళం మావోయిస్టులతో పోరాటానికి పుట్టింది, దర్యాప్తుకు కాదు. పోరాటం తగ్గినప్పుడు ఆ జవాన్లలోని మాడియా, తెలుగు వచ్చిన స్థానిక యువకులను దర్యాప్తు పనికీ, వాంగ్మూలం రాసే పనికీ తర్ఫీదు చేయడం గురించి ఎవరైనా ఆలోచిస్తున్నారా అని నాకు సందేహం. ఉత్తర ఐర్లండ్‌లో కేథలిక్, ప్రొటెస్టెంట్ వర్గాల ఘర్షణకు ముగింపు పలికిన శాంతి ఒప్పందం తరువాత 1999లో ప్యాటెన్ కమిషన్ పోలీసు శాఖ పేరు, చిహ్నం, ప్రమాణంతో పాటు నియామకాలనూ మార్చమంది. 2001 నుంచి పదేళ్ళపాటు కొత్త ఉద్యోగాలు కేథలిక్కులకు సగం, మిగతావారికి సగం ఇచ్చారు. 8 శాతం దగ్గర ఉన్న కేథలిక్ పోలీసులు 30 శాతం దగ్గరకు వచ్చారు. అక్కడ జనం కమిషన్ల ముందు చెప్పిన మాటల కంటే, స్టేషనులో ఫిర్యాదు రాసుకునే మనిషి మారడం వల్ల ఎక్కువ తేడా వచ్చిందని నా అంచనా.

అడవి శాఖ విషయంలో మన దేశమే ఒక మంచి ఉదాహరణ ఇచ్చింది. దానిని ఎవరూ సత్య కథనం కింద లెక్కవేయరు గాని, నేను వేస్తాను. 2006 అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే ఆదివాసులకు చారిత్రక అన్యాయం జరిగిందని ఒప్పుకుంది. ఒప్పుకుని ఊరుకోలేదు, గ్రామసభ చేతికి ఒక రిజిస్టరు ఇచ్చింది. గడ్చిరోలి జిల్లా మేండా లేఖా గ్రామానికి 2009లో సామూహిక అటవీ హక్కు పత్రం దొరికినా, వెదురు అమ్ముకోవడానికి రవాణా పర్మిట్ పుస్తకం అటవీ శాఖ చేతిలోనే ఉండడం వల్ల రెండేళ్ళు పేచీ నడిచింది. 2011లో ఆ పుస్తకం గ్రామసభ చేతికి వచ్చాక గాని హక్కు హక్కు కాలేదు. తప్పు ఒప్పుకోవడమూ, పుస్తకం చేతులు మారడమూ రెండూ కలిసిన చోట ఊరికి ఏమి జరుగుతుందో చూడాలంటే మీ విద్యార్థులను మొదట అక్కడికి తీసుకుపోండి.

గాయాలు రేగుతాయా అన్న మీ రెండో ప్రశ్నకు సూటి జవాబు: కొన్ని రేగుతాయి. ఒకే ఊళ్ళో అన్నను దళం చంపిన ఇల్లూ, ఆ దళానికి అన్నం పెట్టిన ఇల్లూ ఒకే బావి నీళ్ళు తాగుతున్నాయి. ఇక్కడ టైమోర్ లెస్తే (తూర్పు తైమూర్) దేశం పద్ధతి ఆలోచించదగింది. అక్కడి కమిషన్ 2002 నుంచి ఊరి చాప మీద కూర్చోబెట్టి చేసిన సయోధ్యలో ఇళ్ళు తగలబెట్టడం, పశువులు తోలుకుపోవడం, కొట్టడం వంటి నేరాలనే తీసుకున్నారు. హత్యలూ అత్యాచారాలూ వాటి పరిధిలోకి రానివ్వలేదు, అవి కోర్టుకే పోవాలి. 1,300 మందికి పైగా అలా ఊరి ముందు తప్పు ఒప్పుకుని, బడి కప్పు వేయడమో, పశువు ఇవ్వడమో చేసి కలిసిపోయారు. మన దగ్గర భయంతో బియ్యం ఇచ్చినవాడు, చీటీ మోసినవాడు, ప్రజాకోర్టులో చేయి ఎత్తినవాడు, గావ్‌బందీ తీర్మానం (మావోయిస్టులను ఊళ్ళోకి రానివ్వబోమన్న తీర్మానం) మీద పోలీసులు చెప్పారని వేలిముద్ర వేసినవాడు వేలల్లో ఉంటారు. వీళ్ళ సంగతి గడ్చిరోలి సెషన్స్ కోర్టులో తేలదు, తేలనక్కరా లేదు; గ్రామసభలో, భూమయ్యలు, గాయితలు అనే ఆదివాసీ ఊరి పెద్దలు కూర్చున్న చోట తేలుతుంది. కానీ హత్యను అక్కడికి తీసుకుపోయి, ఊరి పెద్దలు చెప్పారు కాబట్టి క్షమించమని ఆ విధవరాలి మీద ఒత్తిడి తేవడం నాకు ఏ మాత్రం సమ్మతం కాదు. దక్షిణాఫ్రికాలోనూ క్షమించననే హక్కు బాధితులకు ఉండింది, కొందరు ఆ మాట కమిషన్ ముందే అన్నారు.

పెరూ చేసిన ఒక పని మాత్రం మనం చేయకూడదు. 2005 పరిహార చట్టంలో సాయుధ సంస్థల సభ్యులు ఏ పరిస్థితిలోనూ బాధితులు కారని రాశారు. పదమూడేళ్ళ వయసులో దళంలోకి బలవంతంగా తీసుకుపోబడిన పిల్లకూ, ఆ పిల్లను తీసుకుపోయిన కమాండరుకూ అక్కడ ఒకే గీత పడింది. ఇక్కడ అలాంటి గీత గీస్తే, ఇప్పటికే మాట్లాడని తల్లులు ఇక ఎప్పటికీ మాట్లాడరు.

చివరికి మీ విద్యార్థుల సంగతి. ఉద్దేశం గొప్పదే గాని, ఫోను పట్టుకుని పోయి ఎవరు ఎవరిని చంపారని అడగడం ఇప్పుడు వద్దు. విచారణ కమిషన్ ముందు ఇచ్చిన వాంగ్మూలానికి ఉన్న ఆరో సెక్షన్ రక్షణ, కళాశాల ప్రాజెక్టు కోసం ఇచ్చిన వాంగ్మూలానికి లేదు. అమెరికాలోని బోస్టన్ కళాశాల 2001 నుంచి ఉత్తర ఐర్లండ్ మాజీ సాయుధుల జ్ఞాపకాలను, బతికి ఉండగా బయటపెట్టబోమన్న మాట మీద రికార్డు చేసింది. 2011లో బ్రిటన్ పోలీసుల తరఫున సమన్లు వచ్చాయి, కోర్టులు టేపులు ఇవ్వమన్నాయి, ఆ టేపుల ఆధారంగా అరెస్టులు జరిగాయి. అంత పెద్ద సంస్థ నిలబెట్టుకోలేని హామీని మీరు రాజురా నుంచి ఇవ్వలేరు.

దానికి బదులు కాగితాలు సేకరించండి. ప్రతి ఊళ్ళో చనిపోయినవారి, గల్లంతైనవారి కుటుంబాన్ని, ఏ పక్షం వాళ్ళు చంపారని అడగకుండా, మూడు నాలుగు సంగతులే అడగండి: మరణ ధ్రువపత్రం ఉందా, పంచనామా నకలు ఇచ్చారా, శవం అప్పగించారా, సాత్‌బారాలో పేరు మారిందా. జవాబు మాడియాలో చెబితే మాడియాలోనే దేవనాగరిలో గాని తెలుగు లిపిలో గాని రాయించండి, కింద మరాఠీ పెట్టండి. చదివి వినిపించి, అవునన్న తరువాతే వేలిముద్ర తీసుకోండి, ఒక నకలు వాళ్ళ చేతికే ఇచ్చి రండి. నకళ్ళు లేనివారి తరఫున సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు వేయవచ్చు, దానికీ, మరణ నమోదుకూ, ఫేర్‌ఫార్‌కూ తాలూకా న్యాయ సేవా సమితి ఉచితంగా వకీలును ఇస్తుంది. బయలుదేరే ముందు ఆ ఊరి గ్రామసభ తీర్మానం తీసుకోండి, పోలీస్ పాటిల్‌కు (పోలీసులకు ఊరి సంగతులు చెప్పే గ్రామోద్యోగికి) ఒక ఉత్తరం ఇవ్వండి. సిరోంచ వైపు పోయేట్టయితే వానాకాలం దాటాక, తునికాకు పని మొదలుకాక ముందు పోండి. మిగతా రోజుల్లో ఇళ్ళ దగ్గర మనుషులు దొరకరు.